రెండే కప్పులు గెలిచిన బుల్‌డాగ్స్‌కి ఇంతమంది పాత హీరోలు ఎక్కడి నుంచి వచ్చారు?

టార్నీట్‌కి వచ్చి ఏడాదైంది, బాబుని ఆస్‌కిక్‌లో, అంటే చిన్నపిల్లలకి ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) నేర్పే చోట చేర్పించారు, పక్కింటి పెద్దాయన బుల్‌డాగ్స్ క్లబ్బు గ్రౌండ్ విట్టెన్ ఓవల్‌లో పాత ఆటగాళ్ళంతా కలిసే రోజుకి మిమ్మల్నీ బాబునీ రమ్మన్నారు, అక్కడ ఎవరెవరో తెలీక టెన్షన్‌గా ఉంది అన్నారు. పనిలో పనిగా "వందేళ్ళలో రెండే కప్పులు గెలిచిన టీమ్‌కి గుర్తుపెట్టుకోడానికి అంత ఏముంది" అని కూడా అడిగారు. ఆ రెండో ప్రశ్న మాత్రం అక్కడ అడక్కండి. ఇక్కడ అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. మెల్‌బోర్న్ పడమటి సబర్బుల్లో చాలా ఏళ్ళ నుంచి ఉంటున్నా, పిల్లల ఫుటీ క్లబ్బులో క్యాంటీన్ పని దగ్గర్నుంచి గ్రౌండ్ గీతలు గీయడం దాకా చేశా, అలాంటి చోట టీ తాగుతూ కూర్చుంటే పెద్దవాళ్ళు చెప్పేది సగం పాత ఆటగాళ్ళ గురించే.

ముందు ఆ లెక్క సంగతి. వెస్టర్న్ బుల్‌డాగ్స్ అన్న పేరు 1997 సీజన్ నుంచే, అంతకుముందు అది ఫుట్‌స్క్రే క్లబ్బు, పెద్దవాళ్ళు ఇప్పటికీ ఫుట్‌స్క్రే అనే అంటారు. 1925లో పెద్ద లీగ్‌లోకి వచ్చారు. కప్పులు 1954లో ఒకటి, 2016లో ఒకటి. మధ్యలో 62 ఏళ్ళు. అంటే ఒక మనిషి పుట్టి, పెరిగి, రిటైర్ అయ్యేంత కాలం. ఆ కాలమంతా ప్రతి శనివారం వానలో నిలబడి చూసినవాడికి తలుచుకోడానికి కప్పు లేదు, మనుషులే ఉన్నారు. కప్పులు బోలెడున్న క్లబ్బు అభిమానిని కదిపితే సంవత్సరాలు చెప్తాడు, ఈ క్లబ్బు అభిమాని పేర్లు చెప్తాడు. నాకైతే ఈ క్లబ్బు గుట్టంతా ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఆటగాళ్ళని దేశమంతా చూసి డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు, కానీ ఆ డ్రాఫ్ట్ 1986లో మొదలైంది. అంతకుముందు ఏ క్లబ్బుకి ఏ పేటలు అని హద్దులుండేవి, మీ ఇల్లు ఆ హద్దులో ఉంటే మీరు ఆ క్లబ్బుకే ఆడాలి. ఫుట్‌స్క్రే అంటే ఫ్యాక్టరీలు, కబేళాలు, రాతి క్వారీలు, కూలి పని చేసుకునే జనం. ఆటకి వచ్చే డబ్బుతో ఇల్లు గడిచేది కాదు కాబట్టి ఆటగాళ్ళకీ వేరే ఉద్యోగాలుండేవి. శనివారం గ్రౌండ్‌లో చూసినవాడు సోమవారం మీ పక్క మెషీన్ దగ్గర పని చేస్తుండొచ్చు, వాళ్ళమ్మ మీ అమ్మ కొనే కొట్లోనే మాంసం కొంటుండొచ్చు. టెడ్ విట్టెన్ పెరిగింది బ్రేబ్రుక్‌లో, తర్వాతి తరం వాడు డగ్ హాకిన్స్‌దీ బ్రేబ్రుక్కే. అందుకే పెద్దాయన మాటల్లో వాళ్ళు టీవీలో చూసిన స్టార్లలా కాకుండా పక్క వీధి వాళ్ళలా వినిపిస్తారు.

ఇక టెడ్ విట్టెన్. ఈ ఒక్క పేరు తెలిసి వెళ్తే మీకు సగం పని అయినట్టే. మీరు ఎయిర్‌పోర్టుకి వెళ్ళినప్పుడల్లా, అంటే ఇండియా నుంచి అమ్మానాన్నల్ని తెచ్చుకోడానికి వెళ్ళినప్పుడు కూడా, వెస్టర్న్ రింగ్ రోడ్ మీద మరిబిర్నాంగ్ నది దాటే ఆ ఎత్తైన వంతెన ఉంది చూడండి, దాని పేరు ఈ.జె. విట్టెన్ బ్రిడ్జి. ఆయనే ఈయన. ఫుట్‌స్క్రే గ్రౌండ్ పేరు వెస్టర్న్ ఓవల్‌గా ఉండేది, 1995లో విట్టెన్ ఓవల్ చేశారు, బయట ఆయన విగ్రహం ఉంటుంది. బాబుతో అక్కడ ఫొటో దిగండి, అందరూ దిగుతారు.

ఆయన 1951 నుంచి 1970 దాకా ఆడాడు. 321 మ్యాచ్‌లు. అంతకుముందు లీగ్ రికార్డు ఎసెండన్ క్లబ్బు డిక్ రేనాల్డ్స్‌ది, 320, దాన్ని ఒక్కటి దాటి ఆపేశాడు. 1957లో పాతికేళ్ళు నిండకముందే కెప్టెన్‌గా, కోచ్‌గా రెండు పనులూ ఆయన మీద పడ్డాయి, తనకన్నా పెద్దవాళ్ళకి తను కోచ్. 1961లో టీమ్‌ని కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్, గ్రాండ్ ఫైనల్ దాకా తీసుకెళ్ళి హాథార్న్ చేతిలో ఓడాడు, మళ్ళీ ఈ క్లబ్బు గ్రాండ్ ఫైనల్ మొహం చూసింది 2016లోనే. కానీ జనం ఆయన్ని అంకెల కోసం తలుచుకోరు. నోరు పెద్దది, సరదా మనిషి, విక్టోరియా రాష్ట్రం తరఫున ఆడే మ్యాచ్ అంటే ప్రాణం. ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది, చూపు దాదాపు పోయింది. 1995 జూన్‌లో విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా మ్యాచ్‌కి ముందు ఎంసీజీలో కొడుకుని పక్కన పెట్టుకుని కారులో గ్రౌండ్ చుట్టూ తిరిగాడు, స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఆ ఆగస్టు 17న పోయాడు, 62 ఏళ్ళు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరుసటి ఏడాది లీగ్ శతాబ్దపు జట్టుని ప్రకటిస్తే దానికి కెప్టెన్ ఈయనే. ఆ కారు తిరిగిన వీడియో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వెళ్ళే ముందు ఒకసారి చూడండి, ఏ గణాంకమూ చెప్పలేనిది అందులో అర్థమవుతుంది. ఆయన పేరుతో కుటుంబం పెట్టిన ఫౌండేషన్ మగవాళ్ళకి ప్రోస్టేట్ పరీక్షల గురించి చెప్తూ వచ్చింది. మన మగవాళ్ళు కూడా డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడే రకమే కాబట్టి ఈ మాట ఊరికే అనట్లేదు, యాభై దాటిన వాళ్ళు ఇంట్లో ఉంటే అడగండి.

1954 గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ మీకు దాని గురించి ఎలాగూ వినిపిస్తారు. మెల్‌బోర్న్ క్లబ్బు మీద 102-51. కెప్టెన్-కోచ్ చార్లీ సటన్, పొట్టిగా గట్టిగా ఉండే మనిషి. జాక్ కాలిన్స్ ఒక్కడే 7 గోల్స్ కొట్టాడు. గోల్‌కి 6 పాయింట్లు కాబట్టి అవే 42 అని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఏటా క్లబ్బులో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే మెడల్ సటన్ పేరు మీదే ఉంటుంది. ఆయన 2012లో పోయాడు, రెండో కప్పు చూడలేదు.

1989 సంగతి మాత్రం వివరంగా తెలుసుకుని వెళ్ళండి. ఆ ఏడాది అక్టోబరులో క్లబ్బు దివాలా అంచున ఉందని, ఫిట్జ్‌రోయ్ క్లబ్బుతో కలిపేస్తున్నామని ప్రకటించారు. కొత్త పేరు ఫిట్జ్‌రోయ్ బుల్‌డాగ్స్, ఫుట్‌స్క్రే అన్న మాటే లేదు. జనం డబ్బాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు, ఇంటింటికీ తిరిగారు, గ్రౌండ్‌లో పెద్ద సభ పెట్టారు, ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే అభిమాని కోర్టుకెళ్ళి విలీనం మీద స్టే తెచ్చింది, పీటర్ గోర్డన్ అనే లాయరు ముందుండి నడిపించాడు. కొద్ది వారాల్లో పది లక్షల డాలర్ల పైనే పోగుచేసి క్లబ్బుని నిలబెట్టుకున్నారు. అది కార్పొరేట్ స్పాన్సర్ చెక్కు కాదు, చాలావరకు ఫ్యాక్టరీ జీతాల్లోంచి వచ్చిన చిల్లర. ఇప్పుడు దీని పక్కన ఇంకో విషయం పెట్టి చూడండి. ఆ ఫిట్జ్‌రోయ్ క్లబ్బుకి 8 కప్పులున్నాయి. 1996లో అది సొంతంగా నిలబడలేక బ్రిస్బేన్ బేర్స్‌తో కలిసిపోయింది. ఎనిమిది గెలిచినవాళ్ళు తమ పేటలో టీమ్ లేకుండా మిగిలారు, ఒక్కటి గెలిచినవాళ్ళు నిలిచారు. కప్పుల లెక్క మీద మీరడిగిన ప్రశ్నకి నా దగ్గరున్న సూటి జవాబు ఇదే.

క్లబ్బు బతికిన మరుసటి సీజన్, 1990లో, లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ ఎవరికొచ్చిందో తెలుసా? టోనీ లిబరేటోర్‌కి. ఎత్తు 163 సెంటీమీటర్లు. రెండు మీటర్ల మనుషులు ఎగిరి దూకే ఆటలో! 283 మ్యాచ్‌లు ఆడాడు. అందరూ "లిబ్బా" అంటారు. అయితే ఇప్పుడు వాళ్ళబ్బాయి టామ్‌నీ లిబ్బా అనే అంటారు కాబట్టి సంభాషణలో ఎవరి గురించో చూసుకోండి, మాటల్లో 1997 వస్తే తండ్రి, 2016 వస్తే కొడుకు. 1997 ఎందుకంటే, ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో అడిలైడ్ మీద గెలుపు చేతిలో ఉందనగా లిబ్బా గోల్ కొట్టేశాననుకుని చేతులెత్తి సంబరం చేసుకున్నాడు, అంపైర్ గోల్ కాదని ఒక్క పాయింటే ఇచ్చాడు, చివరికి 2 పాయింట్ల తేడాతో ఓడారు. ఆ బంతి లోపలికి వెళ్ళిందా లేదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. మీరు అందులో దూరకండి.

అదే ఏడాది క్రిస్ గ్రాంట్ కథ. బ్రౌన్‌లో ఓట్ల లెక్కింపులో అందరికన్నా ఎక్కువ, 27 ఓట్లు అతనికే. కానీ సీజన్‌లో ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ పడింది కాబట్టి రూలు ప్రకారం అర్హత లేదు, 26 ఓట్లొచ్చిన సెయింట్ కిల్డా రాబర్ట్ హార్వీకి మెడల్ వెళ్ళింది. అంతకుముందు ఏడాది ఒక్క ఓటుతో పోయింది. ఇతనికి ఇంకో కథ ఉంది, నాకు ఇది మరీ ఇష్టం. పోర్ట్ అడిలైడ్ కొత్తగా లీగ్‌లోకి వస్తూ గ్రాంట్‌కి భారీ మొత్తం ఇస్తామంది. ఒక చిన్న పిల్లాడు వెళ్ళొద్దని ఉత్తరం రాసి అందులో 20 సెంట్ల నాణెం పెట్టి పంపాడు. గ్రాంట్ వెళ్ళలేదు. 341 మ్యాచ్‌లూ ఇక్కడే ఆడాడు, విట్టెన్ వేసుకున్న 3వ నంబరు జెర్సీతోనే. నంబర్ల పట్టింపు ఈ ఆటలో చాలా ఎక్కువ, ఒక జెర్సీ కొత్త కుర్రాడికి ఇచ్చేటప్పుడు అది అంతకుముందు ఎవరు వేసుకున్నారో చెప్పే ఇస్తారు.

ఇంకా పేర్లు వినిపిస్తాయి. డగ్ హాకిన్స్, 329 మ్యాచ్‌లు, గ్రౌండ్‌లో అతను పరిగెత్తిన ఒక పక్కకి అతని పేరే పెట్టారు. స్కాట్ వెస్ట్, చార్లీ సటన్ మెడల్ ఏడుసార్లు. బ్రాడ్ జాన్సన్, 364 మ్యాచ్‌లు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. వీళ్ళెవరూ గ్రాండ్ ఫైనల్ ఆడలేదు. 1985 నుంచి 2010 దాకా ఏడుసార్లు సరిగ్గా దానికి ఒక్క మెట్టు ముందు ఓడిపోయారు. గ్యారీ డెంప్సీ వేరే రకం. 1969 జనవరిలో లారా కార్చిచ్చులో చిక్కుకుని ఒంట్లో సగం కాలింది. బతికితే చాలనుకున్న మనిషి మళ్ళీ గ్రౌండ్‌లోకి వచ్చి 1975లో బ్రౌన్‌లో గెలిచాడు. వేసవిలో గడ్డి మంటల అలర్టులు మన ఫోన్లకీ వస్తాయి కదా, అదే ప్రాంతం, మీ ఇంటి నుంచి జీలాంగ్ వైపు కాస్త దూరం.

2016 అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క ఘట్టం చెప్తా. ఆ ఏడాది కెప్టెన్ బాబ్ మర్ఫీ. సీజన్ మొదట్లోనే, మూడో రౌండ్‌లో, మోకాలి లిగమెంట్ తెగి ఏడాదంతా పక్కన కూర్చున్నాడు. పట్టికలో ఏడో స్థానంలో ఉన్న టీమ్ ఒక్కొక్కరినీ కొట్టుకుంటూ వెళ్ళి సిడ్నీ మీద 89-67తో గెలిచింది. వేదిక మీద కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ తన మెడల్ తీసి, మర్ఫీని పైకి పిలిచి, అతని మెడలో వేశాడు. మర్ఫీ తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేశాడు. అదే మ్యాచ్‌లో వెన్నులో ఎముక విరిగే ఆడిన డేల్ మారిస్ సిడ్నీ పెద్ద స్టార్ బడీ ఫ్రాంక్లిన్‌ని పడగొట్టాడు, ఆ బంతే టామ్ బాయిడ్ చేతికొచ్చి చాలా దూరం నుంచి గోల్ అయింది. బాయిడ్ 2019లో, ఇంకా 23 ఏళ్ళకే, మానసిక ఆరోగ్యం గురించి దాచుకోకుండా చెప్పి ఆట మానేశాడు. కోట్లు వదులుకున్నాడని బయట కొందరు వెక్కిరించారు గానీ నేను కలిసిన డాగ్స్ అభిమానుల్లో ఎవరూ అతన్ని తక్కువ చేసి మాట్లాడలేదు.

అమ్మాయిల టీమ్‌ని మర్చిపోకండి, వాళ్ళు 2018లోనే, అమ్మాయిల లీగ్ మొదలైన రెండో ఏడాదే, కప్పు గెలిచారు. కెప్టెన్ కేటీ బ్రెనన్ సస్పెన్షన్ వల్ల ఆడలేకపోతే ఎలీ బ్లాక్‌బర్న్ నడిపించింది. మీకు కూతురు కూడా ఉంటే ఈ ముక్క బాబుకన్నా ఆమెకే చెప్పండి.

కాస్త పక్కకి వెళ్తున్నా, ఏమీ అనుకోకండి. 1956లో ఇదే మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగితే భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో కొట్టారు. కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ జట్టులో కుర్రాడు, హైదరాబాద్ వాళ్ళు ఇంకా కొందరున్నారు. రహీం మీద హిందీ సినిమా వచ్చాక కొంతమందికి తెలిసింది, అంతకుముందు మనలో ఎంతమందికి తెలుసు? బలరాం 2023లో పోయినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ కూడా నాకు కనబడలేదు. ఈ బుల్‌డాగ్స్ వాళ్ళు 1954 టీమ్‌లో వెనక లైన్‌లో ఎవరాడారో కూడా చెప్తారు. అసూయగానే ఉంటుంది. పెద్దాయన మిమ్మల్ని "మీ ఊళ్ళో ఫుట్‌బాల్ ఉందా" అని అడిగితే ఈ 1956 సంగతి చెప్పండి, ఆయనకి చాలా నచ్చుతుంది, పైగా ఆ ఒలింపిక్స్‌లో వాళ్ళ ఫుటీని కూడా ప్రదర్శన ఆటగా ఆడారు.

ఇక అక్కడ ఎలా మెలగాలి అన్నది. ఎవరైనా పాత ఆటగాడిని పరిచయం చేస్తే "ఎన్ని కప్పులు", "ఎన్ని గోల్స్" అని మొదలుపెట్టకండి. ఏ నంబరు వేసుకునేవారు, ఏ ఊరి నుంచి వచ్చారు, మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన ప్రత్యర్థి ఎవరు అని అడగండి. మూడోది అడిగితే మీరిక మాట్లాడాల్సిన పని ఉండదు. మూడు మ్యాచ్‌లే ఆడాను అని ఎవరైనా అంటే నవ్వేసి వదిలేయకండి, ఒక్క మ్యాచ్ ఆడినవాడి పేరూ లీగ్ రికార్డుల్లో శాశ్వతంగా ఉంటుంది, ఆ మూడు మ్యాచ్‌ల కోసం అతను పదేళ్ళు కష్టపడి ఉంటాడు. ఎవరితో ఆడారో, ఎక్కడ దెబ్బ తగిలిందో ఆయనకి గుర్తుంటుంది.

ఒక్క విషయం ముందే తెలిసి ఉండటం మంచిది. అక్కడ కొందరు పెద్దవాళ్ళు అడిగిందే మళ్ళీ అడగొచ్చు, ఇందాకే పరిచయమైన మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. వయసు ఒక కారణం కావచ్చు, కానీ ఈ ఆటలో తలకి తగిలిన దెబ్బలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో స్పృహ తప్పి పడినవాడు నీళ్ళు చల్లించుకుని మళ్ళీ ఆటలోకి వెళ్ళేవాడు. వేరే క్లబ్బు దిగ్గజం పాలీ ఫార్మర్ 2019లో పోయాక మెదడు పరీక్షిస్తే, పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు ఉందని 2020లో తేలింది, ఈ ఆటలో అలా బయటపడిన మొదటి కేసు అదే. ఇప్పుడు పై లీగ్‌లో కంకషన్ అయితే కనీసం 12 రోజులు ఆడనివ్వరు. మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పండి, అంతే. బాబుకి కూడా దారిలోనే చెప్పి ఉంచండి, పిల్లలు "ఇందాకే చెప్పా కదా అంకుల్" అనేస్తారు.

బట్టల గురించి అడిగారు. ఎరుపు, నీలం, తెలుపు ఈ క్లబ్బు రంగులు, ఆ స్కార్ఫ్ ఒకటి చాలు. నలుపు తెలుపు చారల చొక్కా మాత్రం వద్దు, అది కాలింగ్‌వుడ్ వాళ్ళది, రోజంతా ఏడిపిస్తారు. కారు తీసుకెళ్తే పార్కింగ్ దొరకదు. టార్నీట్ నుంచి వీలైన్ రైలు ఎక్కి ఫుట్‌స్క్రేలో దిగి, సన్‌బరీ వైపు వెళ్ళే ట్రైన్ మారితే వెస్ట్ ఫుట్‌స్క్రే స్టేషన్, అక్కడి నుంచి నడిచిపోవచ్చు. గ్రౌండ్ ఉన్నది బార్క్‌లీ స్ట్రీట్ మీదే, అవును, మీరు బిర్యానీకి వెళ్ళే అదే బార్క్‌లీ స్ట్రీట్. కార్యక్రమం అయ్యాక పెద్దాయన్ని కూడా భోజనానికి రమ్మనండి, కారం తక్కువ వేయమని ముందే చెప్పండి. ఏదైనా పేరు అర్థం కాకపోతే ఇక్కడే కింద అడగండి, చెప్తాను.